ఖాతాదారు గొంతు

పోయినవారం ఆ అన్నాచెల్లెళ్ళను మూడో అంతస్తులో గాజుతలుపు ముందు వదిలేశాం. తలుపు తెరుచుకుంది. వాళ్ళను రమ్మని కాదు, లోపలినుంచి ఒకాయన ఖాళీ టీగ్లాసుల ట్రేతో బయటికి వస్తున్నాడు. ఆయన దాటేలోగానే చెల్లెలు తలుపు పట్టుకుని అన్నను లోపలికి లాగింది. ఇరవైతొమ్మిది రోజులుగా తిరుగుతుంటే ఆ కంపెనీలో వాళ్ళకు జరిగిన మొదటి మర్యాద అదే అనుకోవాలి. ఎవరూ గెంటెయ్యలేదు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి.

అన్నకు పుట్టుకనుంచీ వినపడదు, మాట రాదు. కట్టుడుపళ్ళు తయారుచేస్తాడు. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే ఒక్కో పన్నూ చెక్కి, రంగు కలిపి, అసలు పన్ను పక్కన పెట్టినా తేడా తెలియకుండా ఇస్తాడు. చెల్లెలు దుబాసీ. ఆసుపత్రుల్లో, కోర్టుల్లో వినపడనివాళ్ళ సైగలను మాటలు చేస్తుంది, ఎదుటివాళ్ళ మాటలను సైగలు చేస్తుంది. అన్న కోసం ఐదేళ్ళప్పుడు మొదలుపెట్టిన పని, పెద్దయ్యాక అదే ఉద్యోగమైంది.

వాళ్ళమ్మ పోయి ఏడాదిన్నర. ఆవిడకు ఏ బడిలోనూ సైగలు నేర్పలేదు. కొడుకుతో మాట్లాడుకోవడానికి పొయ్యి దగ్గర నిలబడీ, గిన్నెలు తోముతూనూ సొంతంగా ఒక చేతిభాష తయారుచేసుకుంది. భుజం మీద రెండు వేళ్ళతో తడితే వాన వస్తోందని. పిడికిలి బుగ్గకు ఆనిస్తే అలిగావా అని. ఆవిడ మంచం పట్టిన ఆరునెలల్లో అన్న ఆ సైగలన్నిటినీ ఒక్కొక్కటే ఫోన్లో వీడియో తీశాడు. ఒక్కో సైగ, దాని వెనక ఒక చిన్న కబురు. మొత్తం రెండువందల పద్నాలుగు. వాటన్నిటికీ ‘అమ్మ చేతులు’ అని ఒక వెబ్‌సైట్ కట్టాడు. వీడియోల కింద మాటలు రాసింది చెల్లెలు.

వెబ్‌సైట్ అంటే ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఆ చోటును అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీ ఒకటి ‘మీ జ్ఞాపకాలకు శాశ్వత నివాసం’ అని ప్రకటన వేసుకుంది. అన్న నమ్మాడు. ఫోన్లో చోటు చాలక, అక్కడికి ఎక్కించిన వీడియో ఎక్కించినట్టే ఫోన్లోంచి చెరిపేశాడు. ఒకరోజు పొద్దున్నే చూస్తే వెబ్‌సైట్ లేదు. తెల్లటి పేజీ, మధ్యలో ఒకే ఒక్క వాక్యం: ‘ఖాతాదారు కోరిక మేరకు తొలగించడమైనది.’ ఖాతాదారు పక్కనే కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు.

తీసేసినవాటి నకలు కంపెనీ దగ్గర ముప్పై రోజులు ఉంటుంది. ఆ ముప్పయ్యో రోజు ఇవ్వాళ. సాయంత్రం ఆరింటికి నకలు కూడా పోతుంది.

గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

ఆ గడియారం కింద పెద్ద తెర. దాని మీద ఒక నవ్వుమొహం, పక్కన ‘మా కస్టమర్లలో నూటికి తొంభైఎనిమిది మంది సంతృప్తిగా ఉన్నారు’ అన్న మాట, వెలుగుతూ ఆరుతూ. మిగతా ఇద్దరం మనమే కాబోలు అనుకుంది చెల్లెలు. కిందనే బల్ల వెనక కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండా అడిగింది.

“టోకెన్ ఉందా?”

“ఎక్కడిస్తారు?”

“ఆన్‌లైన్లో తీసుకోవాలి, మీ ఖాతాలోకి వెళ్ళి.”

“మా ఖాతా మీరే మూసేశారు.”

“మూసేసిన ఖాతాలకు టోకెన్ రాదండీ.”

“అదే చెప్తున్నాను.”

“నేనూ అదే చెప్తున్నాను.”

అన్న చెల్లెలి మోచేయి తట్టాడు. ‘ఏమంటోంది?’ అని సైగ చేశాడు. చెల్లెలు ఉన్నది ఉన్నట్టు చేతుల్లో పెట్టింది. ఆమె దగ్గర ఒక నియమం ఉంది. ఎదుటివాళ్ళు బూతు తిట్టినా సరే, ఒక్క మాట తగ్గించదు, ఒక్క మాట కలపదు. అన్న అంతా చూసి, బల్ల మీదున్న పెన్ను తీసుకుని, ‘మీ అభిప్రాయం తెలపండి’ అన్న కాగితం వెనక్కి తిప్పి పెద్ద అక్షరాలతో రాశాడు: ‘మీ పైవాళ్ళు వచ్చేదాకా ఇక్కడే ఉంటాం. నాకు ఎంత అరిచినా వినపడదు. ఆలోచించుకోండి.’

అమ్మాయి ఆ కాగితం చదివింది. మొదటిసారి తల ఎత్తింది. లేచి లోపలికి వెళ్ళింది.

పావుగంటకు వాళ్ళను ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టారు. బల్ల వెనక సూపర్‌వైజరు. యాభై దాటిన ఆడమనిషి, మెడలో గుర్తింపుకార్డు, కళ్ళజోడు నెత్తిమీదికి తోసి ఉంది. బల్ల కింద చెప్పులు విప్పి, వాచిన పాదాలను చల్లటి గచ్చుకు ఆనించుకుంది. ఎవరినీ బాధపెట్టాలని కూర్చున్న మనిషిలా లేదు. అలాగని బాధ తీర్చాలని కూర్చున్న మనిషిలానూ లేదు.

“కూర్చోండి. మొత్తం ఇరవయ్యొక్క ఫిర్యాదులు పెట్టారు,” అంది కంప్యూటర్ చూస్తూ. “అన్నీ పరిష్కారమైపోయాయే!”

“ఏది పరిష్కారమైంది మేడమ్?”

“ఫిర్యాదు మూసేశారంటే పరిష్కారమైనట్టే.”

“మూసిందీ మీరే.”

“మరి మేమేగా పరిష్కరించాల్సింది.” నవ్వలేదు. కళ్ళజోడు కిందికి దించుకుంది. “మొదటిదానికి ‘ఖాతాదారు స్వయంగా ఫోన్ చేసి మాట్లాడాలి’ అని జవాబిచ్చారు.”

“ఆయన మాట్లాడలేరు, వినలేరు అని రాశాం.”

“ఆఁ, ఉంది. దానికి మావాళ్ళు... ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీరు మాట్లాడడానికి వీలైన సమయం తెలియజేయండి’ అని...” చదువుతూ చదువుతూ ఆవిడే ఆగిపోయింది.

చెల్లెలి చేతుల్లో ఆ వాక్యం చూసి అన్న నవ్వాడు. అతని నవ్వుకు చప్పుడుండదు, ముక్కులోంచి గాలి మాత్రం పోతుంది. ‘ఎప్పుడు వీలవుతుందో చెప్పు. వచ్చే జన్మలో బుధవారం అను.’

“వచ్చే జన్మలో బుధవారం నాకు వీలవుతుంది,” అంది చెల్లెలు.

సూపర్‌వైజరు చురుగ్గా చూసింది. “ఎవరికి? మీకా?”

“ఆయనకు.”

“మీరు ‘నాకు’ అన్నారు.”

“ఆయన మాట పలికేటప్పుడు ‘నేను’ అనే అంటాను మేడమ్. దుబాసీ పని పద్ధతే అది. ‘ఆయన ఇలా అంటున్నాడు, అలా అంటున్నాడు’ అని చెప్పం. ఆయన గొంతుకు బదులు నా గొంతు, అంతే.”

“ఇదిగో, ఇదే! ఇదే కొంప ముంచింది.” సూపర్‌వైజరు తెరను వాళ్ళవైపు తిప్పింది. “వెబ్‌సైట్ పోయిన రోజు పొద్దున మీరు మాకు ఫోన్ చేశారు. ఖాతా మగమనిషిది. ఫోన్లో ఆడగొంతు. ‘నేనే ఖాతాదారును, నా వీడియోలు నాకు కావాలి’ అంటోంది. మావాళ్ళు ఏమనుకుంటారు చెప్పండి? వేరే మనిషిగా నటిస్తున్నారని గుర్తు పెట్టి ఖాతాకు తాళం వేశారు. ఆ తాళం ఉన్నంతకాలం ఎన్ని ఫిర్యాదులు పెట్టినా వాటంతటవే మూసుకుపోతాయి. మనిషి చూడడు.”

చెల్లెలి మొహం పాలిపోయింది. ఇరవైతొమ్మిది రోజులుగా ఆమె ఆ కంపెనీని తిట్టని తిట్టు లేదు. తాళం పడింది తన నోటివల్లే. ఏ పద్ధతి వల్ల ఊళ్ళో వినపడనివాళ్ళంతా ఆమెను నమ్ముతారో, ఆ పద్ధతి వల్లే.

చేతులు ఆడించకుండా కూర్చోవాలనిపించింది. కానీ అన్న చూస్తున్నాడు. చెప్పింది. ‘తాళం నావల్ల పడింది.’

అన్న ఒక్క క్షణం ఆలోచించాడు. ‘తాళం తర్వాత సంగతి. అంతకుముందు రాత్రే అమ్మ పోయింది. అది ఎవరివల్ల? అడుగు.’

వెబ్‌సైట్ పోయిందని అనలేదు. అమ్మ పోయింది అన్నాడు. చెల్లెలు అలాగే పలికింది. సూపర్‌వైజరు గొంతు సర్దుకుంది.

“చూడండి, ఇందులో మా పొరపాటేం లేదు. ఖాతాదారే ఫోన్ చేసి తీసెయ్యమన్నారు. రికార్డు ఉంది. మా ఏజెంటు రాసిన గమనిక కూడా చదువుతాను. ‘ఖాతాదారు చాలా స్పష్టంగా, మర్యాదగా మాట్లాడారు. అడిగిన వివరాలన్నీ సరిగ్గా చెప్పారు. మా సేవకు ఐదు నక్షత్రాలు ఇచ్చారు.’”

చెల్లెలు నోరు వెళ్ళబెట్టింది. “ఈయనా? మాట్లాడారా?”

“అలాగే రాసుంది.”

“మేడమ్, ఈయన్ను చూడండి. ముప్పైనాలుగేళ్ళుగా మా ఇంట్లోవాళ్ళం ఈయన నోటినుంచి ఒక్క మాట విందామని చూశాం. మీ ఏజెంటు అదృష్టవంతుడు.” ఒళ్ళు మండిపోతోంది ఆమెకు. “వినిపించండి. ఆ స్పష్టమైన గొంతేదో మేమూ వింటాం.”

“రికార్డులు ఖాతాదారుకు తప్ప ఎవరికీ వినిపించకూడదు.”

“ఖాతాదారు ఎదురుగానే ఉన్నాడు. ఆయనకే వినిపించండి.”

సూపర్‌వైజరు తెరను మళ్ళీ తనవైపు తిప్పుకుంది. నియమం నియమమే. మౌస్ నొక్కింది.

మొదట ఏజెంటు కుర్రగొంతు, పాఠం అప్పజెప్పినట్టు: “నమస్కారం, మీకు ఏవిధంగా సహాయపడగలను?”

తర్వాత ఇంకో గొంతు. “నమస్కారం. ‘అమ్మ చేతులు’ ఖాతాదారుణ్ణి మాట్లాడుతున్నాను.”

చెల్లెలి చేతులు ఆ వాక్యంలో సగందాకా వెళ్ళి గాల్లో నిలబడిపోయాయి.

పది ప్లాట్‌ఫారాలకు వినపడేలా ముప్పైరెండేళ్ళు రైళ్ళ రాకపోకలు చెప్పిన గొంతది. పదం పదం విడివిడిగా, ఏ అక్షరమూ మింగకుండా. ఆ గొంతు విని జనం పెట్టెలెత్తుకుని పరుగెత్తేవాళ్ళు. చిన్నప్పుడు స్టేషన్‌కు వెళితే, ‘అది మా నాన్న’ అని పక్కవాళ్ళకు చెప్పుకునేది ఆమె. కొడుక్కి పుట్టుచెవుడని తెలిసిన రోజు కూడా డ్యూటీ మానని మనిషి.

“మీ పుట్టినతేదీ సార్?” కొడుకు పుట్టినతేదీ చెప్పాడాయన. “మీ తల్లిగారి పేరు?” చెప్పాడు. పెళ్ళాం పేరు తల్లిపేరుగా చెప్పేటప్పుడు కూడా ఆ గొంతు తడబడలేదు. “మీ గొంతు చాలా బావుంది సార్, రేడియోలో చేశారా?” చిన్న నవ్వు. “లేదు బాబూ, స్టేషన్లో.” “తీసెయ్యడానికి కారణం చెప్తారా సార్?” “అవసరం తీరింది.”

రికార్డు అయిపోయింది. చివర్న ‘మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు’ అన్న ప్రశ్నకు ఐదు నొక్కిన చప్పుడు కూడా వినపడింది.

అన్న ఆమె మణికట్టు పట్టుకుని ఊపాడు. ‘ఆగిపోయావేం? చెప్పు.’

ఆమె చెప్పలేదు. పాతికేళ్ళలో మొదటిసారి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కోర్టులో ఒక హంతకుడి మాటలు మోసింది. ఆసుపత్రిలో ఇరవయ్యేళ్ళ పిల్లకు కాన్సరని చెప్పింది. ఆ రెండూ పరాయివాళ్ళ మాటలు. ఇది మొయ్యడానికి చెయ్యి లేవలేదు.

అప్పుడు అన్నే అరచేతిని దొప్పలా చేసి నోటి ముందు పెట్టుకున్నాడు, మైకు పట్టుకున్నట్టు. వాళ్ళింటి చేతిభాషలో ఆ సైగకు ఒకటే అర్థం. నాన్న.

‘నీకెలా తెలుసు?’

‘చూశాను. వెబ్‌సైట్ పోవడానికి ముందురోజు సాయంత్రం వరండాలో ఫోన్ మాట్లాడుతున్నాడు. నేను కిటికీ ఇవతల ఉన్నాను. నా పుట్టినతేదీ ఆయన పెదాల మీద చూశాను. తర్వాత అమ్మ పేరు. పెదాలు చదవడం నాకు నేర్పించింది ఆయనే కదా.’

ఎలా నేర్పించాడో ఆమెకు తెలుసు. రోజూ సాయంత్రం గంటసేపు తువ్వాలుతో పిల్లాడి చేతులు కుర్చీకి కట్టి, ‘చేతులు కాదు, నోరు చూడు’ అనేవాడు. చేతులు ఖాళీగా ఉంటే వీడు ఎప్పటికీ మాట్లాడడని ఎవరో డాక్టరు చెప్పాడట. అమ్మ ఆ సంగతి నూటనలభయ్యో వీడియోలో చెప్పింది, ఏడవకుండా, రెండు మణికట్లూ దగ్గరకు చేర్చి చూపిస్తూ. దానికింద మాటలు రాసింది చెల్లెలే. వెబ్‌సైట్ పోవడానికి సరిగ్గా నెలరోజుల ముందు.

‘తెలిసి ఇన్నాళ్ళు నాకు చెప్పలేదేం?’ ఆమె అతనివైపు తిరిగింది. ‘నేను పిచ్చిదానిలా ఇరవయ్యొక్క ఫిర్యాదులు రాశాను.’

‘చెప్తే ఏమనేదానివి? నాన్న అలా చెయ్యడు, నువ్వు పెదాలు తప్పుగా చదివావు అనేదానివి. నేను చూసింది ఎప్పుడు నమ్మావు? నువ్వు విన్నదే నమ్ముతావు. అందుకే వినిపిద్దామని తీసుకొచ్చాను.’

సూపర్‌వైజరు ఇద్దరి చేతులవంకా మార్చి మార్చి చూస్తోంది. గదిలో చప్పుడు లేదు. కానీ అక్కడ దెబ్బలాట జరుగుతోందని తెలుసుకోవడానికి చెవులు అక్కర్లేదు.

“ఎవరిదో తెలిసిందా గొంతు?” అంది మెల్లగా.

“తెలిసింది.”

“అయితే ఒక దారుంది.” సొరుగు లాగి ఒక ఫారం తీసింది. “ఖాతాను వేరేవాళ్ళు వాడారని ఫిర్యాదు. ఇది నా చేతిలోదే. ఇప్పుడే ఎక్కిస్తే ఆరింటికి చెరిపేసే పని ఆగుతుంది. కానీ ఇక్కడ చూడండి, ‘ఆ వ్యక్తి ఎవరో తెలుసా’ అని ఉంది. తెలియదు అని రాస్తే విచారణ, పదిహేను రోజులు. అప్పటికి వీడియోలు ఉండవు. తెలుసు అని రాసి పేరు ఇస్తేనే ఆగుతుంది.”

“పేరు ఇస్తే?”

“మా లాయర్లకు పోతుంది. అక్కణ్ణుంచి పోలీసులకు. నేను వద్దన్నా ఆగదు, దానంతటదే వెళ్ళిపోతుంది.” ఆవిడ కళ్ళు దించుకుంది. “మా దగ్గర అన్నీ వాటంతటవే జరుగుతాయమ్మా. అదే మా గొప్ప.”

ఐదూ ఐదు అయింది. నాన్నకు డెబ్బైరెండేళ్ళు. పొద్దున వీళ్ళు బయల్దేరుతుంటే, ‘గొడుగు పట్టుకెళ్ళండి’ అన్నాడు. ఎక్కడికని అడగలేదు. ఆ అడక్కపోవడం చెల్లెలికి ఇప్పుడు గుర్తొచ్చింది.

అంతా చేతుల్లో పెట్టింది. పోలీసులన్న మాట కూడా.

‘రాయి,’ అన్నాడు అన్న.

‘నాన్నను పోలీస్ స్టేషన్‌కు పిలుస్తారు. తెలుస్తోందా? ఈ వయసులో.’

‘నాకు ఏ వయసులో చేతులు కట్టాడు? రాయి.’

‘తెల్లారి లేస్తే ఆ మొహమే చూడాలి ఇద్దరం.’

‘నాకు చూడాల్సిన మొహం ఇంకోటి ఉంది. అది ఆరింటికి పోతుంది. నువ్వు రాస్తావా, నేను రాయనా?’

ఆ మొహం గురించి ఆమెకు చెప్పక్కర్లేదు. చివరి రోజుల్లో మందుల మత్తులో ఉండి కూడా, కొడుకు ఫోన్ ఎత్తగానే అమ్మ జుట్టు సర్దుకునేది. దిండుకు ఆనుకుని రెండు చేతులూ కాంతిలోకి తెచ్చుకునేది. ఆ భాష మాట్లాడేవాళ్ళు భూమ్మీద ముగ్గురే ఉండేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరు. ఆ ఇద్దరూ ఇదిగో, ఈ అద్దాల గదిలో దాంతోనే ఒకరినొకరు పొడుచుకుంటున్నారు.

చెల్లెలు పెన్ను తీసుకుంది. ‘తెలుసు’ అన్నచోట గీత పెట్టింది. పేరు రాయాల్సిన గడి మీద పెన్ను ఆనించింది.

“ఒక్క నిమిషం,” అంది సూపర్‌వైజరు. “పేరు రాసేముందు, ఆ ఫోన్ వచ్చిన నంబరుకు నేను మీ ఎదురుగా తిరిగి ఫోన్ చేసి అడగాలి. ఆయన కాదంటే కాదని, ఔనంటే ఔనని రాసుకుంటాను. ఎత్తకపోతే ఎత్తలేదని. ఇదీ నియమమే.”

స్పీకర్ పెట్టింది. నాలుగుసార్లు మోగింది.

“హలో.”

“సార్, హోస్టింగ్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం. నెల కిందట ఈ నంబరునుంచి ఒక ఖాతా తీసెయ్యమని—”

“ఔను. నేనే చేశాను.”

చెల్లెలు అలవాటుకొద్దీ చేతులు ఎత్తింది. ప్రతి మాటా అన్నకు చేరుస్తోంది. అతను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

“ఖాతాదారు మీరు కాదు కదా సార్?”

“కాదు. మా అబ్బాయిది. నేను అబద్ధం చెప్పాను. ఉద్యోగంలో ఉండగా రైలు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఐదనే చెప్పాను, నాలుగని చెప్పలేదు. ఇదొక్కటే. మా అమ్మాయి మీ పక్కనుందా?”

“నాన్నా,” అంది చెల్లెలు. తన సొంతమాట అది. దాన్ని చేతుల్లో పెట్టడం మర్చిపోయింది.

“నీ చేతిలో పెన్ను ఉండుంటుంది. రాయి, నాకేం భయం లేదు. కానీ ఆ తువ్వాలు సంగతి బయటపడిందని నేను ఈ పని చేశాననుకుంటున్నావు, అవునా?”

ఆమె ఆ ప్రశ్న కూడా అన్నకు చేర్చింది.

“అది నెలరోజులు ఊరంతా చూసింది. పాలవాడు కూడా నావైపు అదోలా చూశాడు. నేను ఒక్క మాటన్నానా? నేను చేసిందే కదా, చూడనీ అనుకున్నాను. అందుకు కాదమ్మాయ్. చివర్లో ఎనిమిది వీడియోలున్నాయి. వాటికి నువ్వు మాటలు రాయలేదు. ఎందుకు రాయలేదు?”

“అవి... వెలుతురు సరిగ్గా లేదు, చెడిపోయాయి అన్నాడు అన్నయ్య. చూడక్కర్లేదన్నాడు. చూడలేదు.”

“చెడిపోలేదు. చక్కగా ఉన్నాయి. మీ అమ్మ చాలా వివరంగా చెప్పింది అందులో. నీ గురించి.”

సూపర్‌వైజరు ఫోన్‌ను కొంచెం వాళ్ళవైపు జరిపింది.

“అమ్మ ఏం చెప్పిందో నీకెలా తెలుసు?” అంది చెల్లెలు. “నీకు ఒక్క సైగ కూడా రాదు.”

“రాదని ఎవరు చెప్పారు నీకు?” స్పీకర్లోంచి ఆయన ఊపిరి వినపడుతోంది. “ముప్పైనాలుగేళ్ళు ఒకే ఇంట్లో, నా కళ్ళముందు, మీ ముగ్గురూ మాట్లాడుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. చదువుకున్నవాణ్ణి. రాకుండా ఎక్కడికి పోతుంది? వచ్చని చెప్పుకోవడానికి మొహం చెల్లక ఊరుకున్నాను. ఆ ఎనిమిదీ నీ కంట పడకూడదని తీయించేశాను. వాడు వద్దనుకుంటే వాడే తియ్యాల్సింది. తియ్యలేదు. నువ్వు ఎప్పటికైనా చూడాలనే ఉంచాడు. అడుగు వాణ్ణి, పక్కనే ఉన్నాడుగా. అడిగి, అప్పుడు రాసుకో నా పేరు.”

ఫోన్ పెట్టేశాడు.

చెల్లెలు ఒక్క మాట తగ్గించలేదు. ఒక్క మాట కలపలేదు. చిట్టచివరి ముక్కదాకా అన్న కళ్ళముందు పెట్టి, అప్పుడు తన మాట అడిగింది.

‘అమ్మ నా గురించి ఏం చెప్పింది?’

అన్న సూపర్‌వైజరువైపు చూశాడు. ఫారంవైపు చూశాడు. పళ్ళు చెక్కీ చెక్కీ కాయలు కాసిన బొటనవేలితో బల్ల అంచు రుద్దాడు.

‘ఏం చెప్పింది?’ మళ్ళీ అడిగింది, అతని మొహానికి మరీ దగ్గరగా.

“ఐదూ నలభై అయిందమ్మా,” అంది సూపర్‌వైజరు. “పేరు రాస్తారా, వద్దా? రాస్తే వీడియోలు వస్తాయి, మీరే చూసుకోవచ్చు. రాయకపోతే...”

చెల్లెలు ఆవిడ మాట మొత్తం అన్నకు చెప్పబోయింది.

అన్న కళ్ళు మూసుకున్నాడు.

ఆమె అతని భుజం పట్టి కుదిపింది. మణికట్టు లాగింది. రెప్పలు బిగపట్టి అలాగే కూర్చున్నాడు. గాల్లో ఎత్తిన చేతులు ఎవరికి చూపించాలో తెలియక ఆమె వాటిని అలాగే పట్టుకుని ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అన్నకు వినపడదన్న సంగతి ఆమెకు తెలిసొచ్చింది.